దంగేరులో పుట్టిన పిల్లల రచయిత చింతా దీక్షితులుగారు: చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

లంకతోట:
అందరికీ నమస్కారమండీ. నేను కోనసీమలో ఒక ప్రాథమిక బడిలో టీచర్ని. మూడు, నాలుగు, ఐదు తరగతులకి కలిపి ఇరవై ఇద్దరు పిల్లలు. శుక్రవారం ఆఖరి పీరియడ్ కథల పీరియడ్. నేను చదువుతాను, వాళ్ళు వింటారు. మొన్న ఐదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "టీచర్, కథలు రాసేవాళ్ళందరూ దూరం ఊళ్ళవాళ్ళేనా? మన వైపు ఎవరూ లేరా?" ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంటికొచ్చి వెతుకుతుంటే చింతా దీక్షితులుగారి పేరు కనిపించింది. 1891లో దంగేరులో పుట్టారు. దంగేరు! కోటిపల్లి రేవు దాటి మా మేనత్తగారింటికి వెళ్ళే దారి అది. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవుల్లోనూ ఆ దారిన వెళ్ళాను. పిల్లల కోసం రాసిన మనిషి ఒకాయన ఈ ఊళ్ళో పుట్టాడని మాకెవ్వరూ చెప్పలేదు. "సూరి సీతి వెంకి", "లక్కపిడతలు" అని పిల్లల పుస్తకాల పేర్లు కనిపించాయి. చదివినవాళ్ళుంటే చెప్పండి. మా పిల్లలకి చదివి వినిపించవచ్చా?

కోటిపల్లి రేవు:
టీచరుగారూ, ఈ పేరు ఇక్కడ చూసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నేను రిటైరైన పంతుల్ని. దీక్షితులుగారి గురించి తెలిసింది చెబుతాను.

ఆయన 1891లో పుట్టారు, 1960లో పోయారు. బి.ఏ., ఆపైన ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణ చదివి విద్యాశాఖలో చేరారు. పాఠాలు చెప్పడం ఒక్కటే కాదు, పాఠాలు చెప్పబోయేవాళ్ళకి రాజమండ్రిలో శిక్షణ కూడా ఇచ్చారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. మామూలు రచయిత తన ఇంట్లో పిల్లల్ని చూసి రాస్తాడు. ఈయన బతుకంతా తరగతి గదుల్లోనే గడిచింది. పిల్లవాడు ఎక్కడ నోరు తెరుచుకుని వింటాడో, ఎక్కడ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెడతాడో తెలిసిన మనిషి.

ఇంకో మాట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు పుట్టింది కూడా 1891లోనే. ఆయనది పొలమూరు, అనపర్తి దగ్గర. రెండూ ఈ గోదావరి తూర్పు డెల్టా ఊళ్ళే. ఒకే ఏడాది, ఒకే నేల, ఇద్దరూ కథకులే. శ్రీపాదవారిని ఇవాళ్టికీ చదువుతున్నాం, అచ్చు వేస్తున్నాం, చెప్పుకుంటున్నాం. దీక్షితులుగారి పేరు చెబితే మాత్రం "ఎవరు?" అని అడుగుతున్నారు. పిల్లల కోసం రాసినవాళ్ళని మనం సాహిత్యంలో ఒక మూల పీట వేసి కూర్చోబెడతాం. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

గౌతమిపాయ:
నాకు ఆయన పేరు చలం ఉత్తరాల వల్ల తెలుసండీ. "చింతా దీక్షితులుగారికి" అని ఉంటుంది కదా, ఆ ఉత్తరాలు. కాలేజీలో ఉండగా రెండుసార్లు చదివాను. చలం ఎవరి దగ్గర ఇంత మనసు విప్పి మాట్లాడుతున్నాడు, ఈ అవతలి మనిషి ఎవరు అని అప్పుడే అనిపించింది. కానీ వెతకలేదు. పిల్లల రచయిత అని ఇప్పుడే తెలుస్తోంది.

కోటిపల్లి రేవు:
అవును బాబూ, చాలామందికి ఆయన అలాగే తెలుసు. ఉత్తరం అందుకున్న మనిషిగా. ఇద్దరూ విద్యాశాఖలో పనిచేసినవాళ్ళే. చలం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. "బిడ్డల శిక్షణ" రాసింది కూడా చలమే కదా. పిల్లల్ని కొట్టకుండా, భయపెట్టకుండా పెంచాలన్న ఆలోచన ఇద్దరికీ ఉంది. ఒకాయన అది పెద్దవాళ్ళతో వాదించి రాశాడు, ఇంకొకాయన పిల్లల పక్కన కూర్చుని రాశాడు. చలాన్ని మొదటిసారి రమణమహర్షి దగ్గరికి తీసుకెళ్ళింది కూడా దీక్షితులుగారే. అంత పెద్ద మలుపు తిప్పిన స్నేహం అది. అయినా ఈయన్ని చలం స్నేహితుడిగా చెప్పి వదిలేస్తే అన్యాయం. ఆయన పని ఆయనకుంది.

పెద్దల కోసం రాసిన కథలూ తక్కువవి కావు. "ఏకాదశి" ఒక సంపుటి. "గోదావరి నవ్వింది" అనే కథ ఉంది. "సుగాలీ కుటుంబం", "చెంచురాణి" అని పేర్లు చూడండి. అప్పట్లో తెలుగు కథ చాలావరకు అగ్రహారం అరుగుల మీద, పట్నం వకీళ్ళ ఇళ్ళలో తిరుగుతుంటే, ఈయన సుగాలీల దగ్గరికి, చెంచుల దగ్గరికి వెళ్ళాడు. హాస్యానికి "వటీరావు కథలు". "శబరి" అని నాటకం. జానపద సాహిత్యం మీద "ప్రజావాఙ్మయము" అని పుస్తకమే రాశారు. నా లెక్కలో ఇవన్నీ ఒకే చూపు. ఎవరి మాటని ఎవరూ రాసి పెట్టలేదో వాళ్ళ మాట వినాలన్న చూపు. పిల్లలూ అలాంటివాళ్ళే కదా.

కాలవగట్టు:
నా అభ్యంతరం కూడా చెప్పనివ్వండి. నాకూ ఇద్దరు పిల్లలు, ఏడేళ్ళు, పదేళ్ళు. దాదాపు వందేళ్ళ కిందటి భాష ఇప్పటి పిల్లలకి ఎక్కుతుందా? లక్కపిడత అంటే ఏమిటో మా పిల్లలకి తెలియదు. ఇంకోటి, సీతి, వెంకి అని పిలవడం. ఇప్పుడు బళ్ళో ఎవరినైనా అలా పిలిస్తే తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు. పేరుని తుంచి పిలవడం చిన్నచూపుగా ఉంటుంది. మా నాన్నని ఒక పెద్ద ఇంట్లో అలాగే తుంచి పిలిచేవారు. ఆయన పోయేదాకా ఆ బాధ ఆయనకి పోలేదు. అందుకే అడుగుతున్నాను.

అటకమీద పెట్టె:
కాలవగట్టుగారూ, మీ నాన్నగారి మాట చదివి మనసు కలుక్కుమంది. పరాయివాళ్ళు తుంచి పిలిస్తే అది చిన్నచూపే. కాదని ఎవరూ అనలేరు. కానీ ఇంట్లో పిలిచే పేరు వేరండీ. సూర్యనారాయణ బడి రిజిస్టర్లో ఉంటాడు, సూరి పెరట్లో ఉంటాడు. నా పేరు ధనలక్ష్మి. మా నాయనమ్మ ఒక్కత్తే నన్ను "దనీ" అనేది. ఆవిడ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఆ పేరు ఎక్కడైనా వినబడితే ఇప్పటికీ వెనక్కి తిరుగుతాను. రచయిత పిల్లల పుస్తకానికి "సూరి సీతి వెంకి" అని పేరు పెట్టాడంటే పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చాడన్నమాట. ఆయన పుట్టిన కాలంలో పిల్లలకి పుస్తకం అంటే పెద్దబాలశిక్ష, సుమతీ శతకం, కుమార శతకం, ఆడపిల్లలకైతే కుమారీ శతకం. అన్నీ "ఇలా ఉండు, అలా ఉండకు" అనేవే. అవీ కావాలి, నేనూ వల్లెవేసినదాన్నే. కానీ వాటిల్లో పిల్లలు ఎక్కడా లేరు, పిల్లలకి చెప్పే పెద్దవాళ్ళే ఉన్నారు.

ఇక లక్కపిడతలు. మాది లంక గ్రామం. 1986 ఆగస్టు వరదలో మా ఇల్లు నడుము లోతు మునిగింది. మా నాన్న ముందు మమ్మల్ని పడవ ఎక్కించి, తర్వాత ఒక చెక్కపెట్టెని అటక మీదికి ఎక్కించాడు. నీరు తీశాక పెట్టె దించితే అడుగున చెమ్మ తగిలింది. అందులో దస్తావేజులు, మా నాయనమ్మ పుస్తకాలు నాలుగైదు, ఇంకా నా లక్కపిడతలు. పుస్తకాల అంచులు వంకర్లు తిరిగిపోయాయి. అట్టలు ఊడిపోయాయి. లక్కపిడతలకి మాత్రం ఏమీ కాలేదు. ఎరుపు, పసుపు, మధ్యలో నల్ల గీత. బొటనవేలంత పొయ్యి, దాని మీద గిన్నె, చిన్న బిందె, తిరగలి. తిరగలికి పైన పిడి కూడా ఉంది, తిప్పితే తిరిగేది. ఆ ఎండలో నాన్న దస్తావేజులు ఆరబెడుతుంటే, నేను పక్కనే పిడతలు పరుచుకుని ఇసుకతో అన్నం వండాను. నాన్న పని ఆపి వచ్చి "కూర ఏంటమ్మా?" అని అడిగి, తిన్నట్టు చేతిని నోటిదాకా తీసుకెళ్ళాడు. అంత కష్టంలో. ఇప్పటి పిల్లలకి లక్కపిడత తెలియకపోతే తెచ్చి చేతిలో పెడదాం. వంటలాట తెలియని పిల్లలు ఉంటారా?

పాతపుస్తకం:
ధనలక్ష్మిగారూ, ఆ పెట్టె ఇంకా ఉంటే ఆ నాలుగైదు పుస్తకాలు ఏమిటో ఒకసారి ఫోటో తీసి పెట్టండి. అట్టలు లేకపోయినా ఫర్వాలేదు, లోపలి మొదటి పేజీ చాలు.

లంకతోట టీచరుగారికి అసలు విషయం చెబుతాను. నేను పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి, టైపు చేసి వికీసోర్స్ అనే ఉచిత ఇంటర్నెట్ గ్రంథాలయంలో పెట్టే పనిలో ఉంటాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళు హక్కులు ఉంటాయి. ఆ లెక్క పోయిన మర్నాటి నుంచి కాదు, తర్వాతి జనవరి ఒకటి నుంచి మొదలవుతుంది. దీక్షితులుగారు 1960లో పోయారు కాబట్టి 2021 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. మీరు చదవవచ్చు, జిరాక్స్ తీసి పిల్లలకి పంచవచ్చు, చిన్న పుస్తకంగా అచ్చు వేయవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: తర్వాత వచ్చిన ముద్రణల్లో వేరేవాళ్ళు వేసిన బొమ్మలు, రాసిన ముందుమాటలు ఉంటే వాటి హక్కులు వేరు. చలం ఉత్తరాలూ అంతే. చలం పోయింది 1979లో కాబట్టి ఆ హక్కులు 2039 చివరిదాకా ఉంటాయి. శ్రీపాదవారి రచనలు 2022లో హక్కుల నుంచి బయటికొచ్చాయి.

పాత ప్రతులు దొరకడమే కష్టం. నాకు తెలిసిన ఒక ఊరి గ్రంథాలయంలో చెదలు పట్టాయని ఒక బీరువా మొత్తం తూకానికి వేసేశారు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయింది. అందులో ఏమున్నాయో జాబితా కూడా రాసుకోలేదు. పెద్దల పుస్తకాలు ఎవరో ఒకరింట్లో మిగులుతాయి. పిల్లల పుస్తకాలు మిగలవు. పిల్లలు వాటిని చింపుతారు, గీస్తారు, పడవలు చేస్తారు. అంటే బాగా చదివిన పుస్తకమే ముందు పోతుంది. అందుకే పిల్లల రచయితలు అందరికన్నా తొందరగా కనబడకుండా పోతారు.

కాలవగట్టు:
హక్కుల సంగతి తెలియదు, మంచి మాట చెప్పారు. పెరటి పేరు గురించి ధనలక్ష్మిగారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మా నాన్న కూడా నన్ను ఇంట్లో ఒక పేరుతో పిలిచేవాడు. కానీ భాష సంగతి? పాత అచ్చులో అరసున్నాలు, బండి ఱలు ఉంటాయి. మూడో తరగతి పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. మార్చి రాస్తే తప్పేమిటి?

పాతపుస్తకం:
అరసున్న తీసేయండి, బండి ఱ బదులు ర పెట్టండి, సంధి మరీ గట్టిగా ఉన్నచోట విడదీయండి. చదివేవాడి కంటికి అడ్డు తీసేయడం అది. మాట మాత్రం మార్చకండి. "అటక" తీసి "పైన సామాను పెట్టే చోటు" అని రాస్తే అటక పోతుంది. టైపు చేసేటప్పుడు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. కంప్యూటరు బొమ్మని అక్షరాల్లోకి మార్చినప్పుడు పాత అచ్చులో ప, వ తేడా తెలియదు దానికి. మ, య కూడా అంతే. ఒక పేజీకి ముప్పావుగంట కూర్చుని సరిదిద్దుతాం. అంత కూర్చున్నాక ఒక్క మాట కూడా మార్చాలనిపించదండీ, ప్రతి మాటా వేలితో తడిమినట్టు ఉంటుంది.

గౌతమిపాయ:
నేను బెంగళూరులో ఉంటాను. మా అమ్మాయికి ఆరేళ్ళు, తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. రాత్రి పడుకునేటప్పుడు నేను ఫోన్‌లో చూసి చదువుతాను. తెలియని మాట వస్తే ఆగి చెప్పను, గొంతులోనే దాన్ని తెలిసేలా చేస్తాను. ఎప్పుడైనా "అంటే ఏంటి నాన్నా" అని అడుగుతుంది. చాలాసార్లు అడగదు. పాపకి మాట తెలియకపోయినా కథ తెలుస్తోంది. "కాళ్ళాగజ్జి కంకాళమ్మ"లో ఏ మాటకి అర్థం తెలుసని మనం ఆడుకున్నాం?

కోటిపల్లి రేవు:
సరిగ్గా చెప్పావు బాబూ. జానపదం మీద పుస్తకం రాసిన మనిషి పిల్లల కోసం కలం పట్టాడంటే, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు ఆయన చెవిలో ఉండే ఉంటాయి. ముందు చెవికి, తర్వాతే కంటికి. ఇప్పుడు మన బళ్ళలో మొదటే కంటికి పెడుతున్నాం. పిల్లవాడు అక్షరం కూడబలుక్కుంటూ ఆయాసపడేసరికి కథ చచ్చిపోతుంది. టీచరుగారు చేస్తున్న పని సరైనది. చదివి వినిపించండమ్మా. విన్నది నచ్చితే వాడే ఆ పుస్తకం లాక్కుని చదువుతాడు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. "చందమామ" 1947 జులైలో మొదలైంది. రేడియో అన్నయ్యగారి "బాల" పత్రిక దానికి రెండేళ్ళ ముందు, 1945లో. అప్పటికి దీక్షితులుగారికి యాభై దాటింది. ఆయన చదువుకున్న రోజుల్లోగాని, పాఠాలు చెప్పిన మొదటి రోజుల్లోగాని నెలనెలా పిల్లల కోసం ఇంటికొచ్చే అలాంటి పత్రిక ఊళ్ళ పిల్లలకి లేదు. అలాంటి కాలంలో పెరిగిన మనిషికి పిల్లల కోసం రాయాలనిపించడం నాకు గొప్పగా కనిపిస్తుంది.

అటకమీద పెట్టె:
పాతపుస్తకంగారూ, పెట్టె దించాను. నాలుగు పుస్తకాలున్నాయి. రెండు భాగవత కథలు, ఒకటి వ్రతకథలు, ఒకటి మొదలూ చివరా లేని పిల్లల పాటల పుస్తకం. దీక్షితులుగారిది అని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఫోటోలు పెడుతున్నాను. పేజీల మధ్య ఇప్పటికీ వండ్రు ఉంది. వేలితో రాస్తే పొడిలా రాలింది. ఆ వరద మట్టి ఇన్నేళ్ళు ఆ పెట్టెలోనే ఉండిపోయింది.

లక్కపిడతలు కూడా ఉన్నాయి. టీచరుగారూ, మీ చిరునామా ఇక్కడ రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పంపిస్తాను. పిల్లలు ఆడుకుని తిరిగి పంపక్కర్లేదు.

లంకతోట:
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. పరీక్షల టెన్షన్‌లో ఉన్నాం. మొన్న శుక్రవారం సంగతి చెబుతాను.

లక్కపిడతలు గురువారమే అందాయి. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో కథ మొదలుపెట్టకుండా ముందు వాటిని చాప మీద పెట్టాను. మాట్లాడలేదు. అరనిమిషంలో చాప చుట్టూ ఇరవై ఇద్దరూ చేరారు. మగపిల్లలు ముందు దూరంగా నించున్నారు, "అవి ఆడపిల్లలవి" అన్నారు. తిరగలి తిరుగుతుందని తెలిసేసరికి అందరికన్నా ముందు వాళ్ళే చేయిపెట్టారు. నాలుగో తరగతి పిల్ల గిన్నె వాసన చూసి "టీచర్, దీనికి రంగు ఎలా వేశారు?" అని అడిగింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణె (కర్రని గిర్రున తిప్పే యంత్రం) మీద తిప్పుతూ, తిరుగుతుండగానే లక్క కడ్డీని ఆనిస్తారని, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుందని, మొగలి ఆకుతో మెరుగు పెడతారని చెప్పాను. మొగలి ఆకు అనగానే "ఆయ్! మా కాలవ దగ్గర ఉందండీ" అని అరిచాడొకడు.

అప్పుడు చెప్పాను, ఈ పేరుతో పుస్తకం రాసిన ఒకాయన ఉన్నారు, కోటిపల్లి రేవు దాటితే అవతల దంగేరు, అక్కడ పుట్టారు అని. మొదట ఎవరూ నమ్మలేదు. "మా అమ్మమ్మగారిది దంగేరేనండీ" అన్నాడు ఆ ప్రశ్న మొదలుపెట్టిన పిల్లాడు. వాడి ముఖం చూడాల్సింది. ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేశాడట. ఆవిడకి ఆ పేరు తెలియదు. వాడే ఆవిడకి చెప్పాడు.

తర్వాత "సూరి సీతి వెంకి" నుంచి చదివాను. పాతపుస్తకంగారు పంపిన టైపు ప్రతి. నాలుగు మాటలకి ఆగాల్సి వచ్చింది, అంతే. కాలవగట్టుగారూ, పేర్ల గురించి మీరు అన్నది నా మనసులో ఉంది. అందుకని ముందే అడిగాను, మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు అని. ఒక్కొక్కరూ సిగ్గుపడుతూ చెప్పారు. చిట్టి, నాని, బుజ్జిగాడు, పండు, కన్నమ్మ. ఒక పిల్ల చెప్పలేదు. బలవంతం చేయలేదు. గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఒక్కతే వెనక్కి వచ్చి నా చెవిలో చెప్పి పరుగెత్తింది. అది ఇక్కడ రాయను.

కాలవగట్టు:
రాయకండి టీచరుగారూ. ఆ టైపు ప్రతి నాకూ పంపుతారా? మా పిల్లలకి రాత్రిపూట చదువుతాను.

పాతపుస్తకం:
కాలవగట్టుగారూ, మీకూ పంపుతున్నాను. ధనలక్ష్మిగారి పాటల పుస్తకం ఫోటోలు చూశాను. అక్షరాల పోత, కాగితం చూస్తే పాతదే. ఇంకా పేజీలన్నీ వరసగా తీయండి, వండ్రు దులపకుండా మెత్తటి కుంచెతో పక్కకి తోయండి. ఎవరిదో తేలాక చెబుతాను.

లంకతోట:
ఇంకొక్క మాట. పిల్లలు వచ్చే శుక్రవారం తర్వాతిది కావాలంటున్నారు. రెండోదాని ఆఖరి పేజీలో కింది వరుస స్కాన్‌లో తెగిపోయింది. మీ దగ్గర ఇంకో ప్రతి ఏమైనా ఉందా?

పాతపుస్తకం:
కాకినాడలో ఒకరి దగ్గర ఉందండీ. ఆదివారం వెళ్ళి ఆ పేజీ ఫోటో తీసుకొస్తాను. శుక్రవారానికి మీ చేతిలో ఉంటుంది.